తాడు కడాన గుంజ

వందన మొగుడికి కడుపునిండా అన్నం పెట్టడం లేదంట. రాత్రికి రెండు పుల్కాలు పళ్ళెంలో పడేసి, అన్నం గిన్నె మీద మూతపెట్టి, ఆ మూత మీద రుబ్బురోలు పొత్రం ఎత్తి పెడుతుందంట. బడిలో అంతమంది పిల్లలకు మధ్యాహ్నం వండి వడ్డించే మనిషి, ఇంట్లో మొగుణ్ణి మాడుస్తుందంట. మాట పుట్టింది కుళాయి దగ్గర, సంఘ పెద్ద యల్లమంద భార్య నోట. అక్కణ్ణుంచి పాలు పోసే ఆమె చెవిన పడి, పాలతోపాటు గడపగడపకూ చేరి, చివరికి పక్కింటి గౌసియా దగ్గరికొచ్చింది. గౌసియా జాకెట్లు కుట్టే మనిషి. ప్రహరీ మీద మోచేతులు ఆనించి, విన్నది విన్నట్టు వందనకు ఒప్పజెప్పింది.

"పొత్రం సంగతి నేను కలిపింది కాదు తల్లీ," అంది. "పొత్రం వాళ్ళదే."

"మాకు రోలే లేదు కదా ఆపా. మిక్సీ వాడతన్నా."

"నేనూ అదే అన్నా. అయితే మిక్సీయే ఎత్తి పెడతదేమోలే అన్నది పాలు పోసే ఆమె."

వందన నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఆమెకు తెలుసు, కారంపూడిలో ఒక మొగాడు చిక్కాడంటే జనం మూడే కారణాలు ఒప్పుకుంటారు. అప్పులైనా ఉండాలి, బయటికి చెప్పుకోలేని జబ్బైనా ఉండాలి, లేదా పెళ్ళాం సరిగ్గా పెట్టకపోయి ఉండాలి. ఆమె మొగుడు సుధీర్ బాబుకు అప్పులు లేవని అందరికీ తెలుసు. జబ్బు మాట గట్టిగా అనడానికి భయం. ఇక మిగిలింది వందనే. నాలుగో కారణం ఒకటుంది. ఆ మనిషి రోజూ తెల్లవారుజామున లేచి నడుస్తున్నాడు. అది కళ్ళముందే జరుగుతున్నా ఎవరికీ ఆనలేదు. నడిస్తే కాళ్ళు అరుగుతాయి గానీ పొట్ట ఎట్లా అరుగుతుందని వాళ్ళ లెక్క.

సుధీర్ బాబు ఊరి చివర లారీ కాటా దగ్గర పనిచేస్తాడు. పత్తి ట్రాక్టరో మిర్చి లారీయో వచ్చి ఇనుప పలక మీద ఆగుతుంది. అద్దాల గదిలో కూర్చుని సుధీర్ బాబు మీట నొక్కుతాడు. బరువు అచ్చయిన చీటీ బయటకొస్తుంది. కిటికీలోంచి చెయ్యి చాపి ఇస్తాడు. పొద్దున వెళ్ళింది మొదలు చీకటి పడేదాకా ఆ కుర్చీ, ఆ ఫ్యాను, ఎదుటి బండి నుంచి వచ్చే మిరపకాయ బజ్జీలు. అంతకుముందు చాలా ఏళ్ళు హమాలీగా చేశాడు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వీపు మీద మోసి లారీలకెత్తిన మనిషి. ఆ రోజుల్లో గిన్నెడు అన్నం ఒక్కడే ఊడ్చిపెట్టినా ఒంట్లో పిసరంత కొవ్వు నిలిచేది కాదు. కాటా ఉద్యోగం వచ్చాక మోత పోయింది. తిండి అట్లాగే ఉండిపోయింది. ఏడాది తిరిగేసరికి చొక్కా గుండీలు పట్టలేదు. "ఒళ్ళు చేశాడు, కలిసొచ్చింది," అన్నారు అందరూ. తల్లి రూతమ్మ అయితే కొడుకు వీధిలో నడిచొస్తుంటే ఎవరి దిష్టి తగులుతుందోనని లోలోపల ప్రార్థన చేసుకునేది.

ఆ ఒంటికి ఊళ్ళో ఒక ఉద్యోగం కూడా దొరికింది. ప్రతి క్రిస్మస్ వారంలో చుట్టుపక్కల సంఘాల వాళ్ళు తాడు లాగే పోటీలు పెట్టుకుంటారు. జట్టుకు ఎనిమిది మంది. గెలిచిన సంఘానికి పొట్టేలు. తాడు చివర నడుముకు చుట్టుకొని, మడమలు నేలలో దిగేసి, కదలకుండా నిలబడేవాణ్ణి గుంజ అంటారు. గొడ్డును కట్టేసే గుంజ ఎట్లా కదలకూడదో వీడూ అట్లా కదలకూడదు. సుధీర్ బాబు గుంజగా నిలబడ్డప్పటినుంచి కారంపూడి జట్టు ఓడింది లేదు. కాటా దగ్గర లారీ డ్రైవర్లు "ఓయ్ చీటీ" అని పిలుస్తారు. ఆ ఒక్క వారం మాత్రం మూడు మండలాల వాళ్ళు "కారంపూడి గుంజ వచ్చాడ్రా" అని లేచి నిలబడి చూస్తారు.

కిందటి వేసవిలో చర్చి మెట్లెక్కుతూ ఆయన సగంలో ఆగి స్తంభం పట్టుకున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఆమె కాపురానికొచ్చిన మరుసటేడే మామగారు గురవయ్య పొలం గట్టున కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఏభై నిండలేదు. ఆయనదీ ఇదే ఒడ్డూపొడుగు, ఇదే పొట్ట. వందన మర్నాడే మొగుణ్ణి నరసరావుపేట లాక్కుపోయింది.

అక్కడ డాక్టరమ్మ చిన్న వయసుది. కాగితాలన్నీ చూసి అడిగింది.

"కూర్చునే పనా?"

"కూర్చునేదేనండీ. మధ్యలో చెయ్యి చాపి చీటీ ఇస్తుంటా."

"పని లేనప్పుడు ఒళ్ళు కదిలేట్టు ఏమైనా చేస్తారా? నడక, ఈత, ఏదన్నా ఆట?"

సుధీర్ బాబు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. "ఆడతానండీ. తాడు లాగుతా. మా వైపు నా ముందు నిలబడ్డ జట్టు లేదు."

"రోజూనా?"

"ఏడాదికోసారి. క్రిస్మస్‌కి."

డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని వందన తర్వాత చాలాసార్లు అనుకుంది. షుగరు గీత మీద నిలబడి ఉందనీ, ఏ రోజైనా దాటుతుందనీ, గుండెకు ఇప్పటికే భారంగా ఉందనీ చెప్పింది. మందు కంటే ముందు నడక కావాలంది. రోజూ, చెమట పట్టేదాకా.

"నేను ఏళ్ళ తరబడి టిక్కీలు మోసిన మనిషినండీ," అన్నాడు సుధీర్ బాబు.

"ఆ మోసింది అప్పుడే ఖర్చయిపోయింది," అంది డాక్టరమ్మ.

నడకే కదా అనుకుంది వందన. పని లేకుండా నడవడం ఎంత కష్టమో తర్వాత తెలిసొచ్చింది. మొదటిరోజు సుధీర్ బాబు గురజాల రోడ్డు ఎక్కాడో లేదో ప్రవీణ్ మోటార్ సైకిలు ఆపాడు. ప్రవీణ్ కూడా తాడు జట్టులోవాడే.

"ఎక్కన్నా."

"లేదురా, ఊరికే నడుస్తన్నా."

"ఊరికే నడిచేదేంది? ఏం, నా బండి ఎక్కకూడదా?"

ఎక్కకపోతే మర్యాద కాదు. ఎక్కాడు. ప్రవీణ్ తీసుకెళ్ళి టీకొట్టు దగ్గర దింపి, టీ, బన్ను ఇప్పించి మళ్ళీ ఇంటి ముందు వదిలిపెట్టాడు. మర్నాడు కోళ్ళ వ్యాను ఆగింది. ఆ మర్నాడు బడి ఆటో. వారం తిరిగేసరికి ఊళ్ళో బండ్లన్నీ ఎక్కాడు గానీ నాలుగు ఫర్లాంగులు నడిచిన పాపాన పోలేదు. ఇట్లా కాదని వందన తనూ వెంట బయలుదేరింది. అది ఇంకా ఘోరమైంది. మొగుడూ పెళ్ళాలు పొద్దు పొడవకముందే గబగబా నడిచిపోతుంటే ఎవరో పోయారనుకున్నారు. "ఎవరికమ్మా?" అని అరుగుల మీంచి దిగి వచ్చి అడిగారు. ఎవరికీ కాదంటే నమ్మలేదు.

చివరికి సాగర్ కాలువ కట్ట ఎక్కారు. అక్కడ బర్రెలు తప్ప ఎవరూ ఎదురు రారు. బర్రెలు ఎక్కమని బలవంతం చెయ్యవు.

ఆ కట్ట మీద సుధీర్ బాబు మొదట్లో నడిచినదానికంటే ఆయాసపడి నిలబడిందే ఎక్కువ. నిలబడ్డప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేవాడు. హమాలీ రోజుల్లో ఒకసారి టిక్కీ పగిలి మిర్చి నెత్తిన పోసుకున్న సంగతి, కాటా గదిలో మధ్యాహ్నాలు నిద్ర ఆపుకోవడానికి వచ్చే లారీల వెనక రాతలన్నీ బట్టీ పట్టిన సంగతి. వందన తన బడి పొయ్యి పొగ గురించి చెప్పేది, హాస్టల్లో ఉన్న కూతురు ఏంజెల్ గురించి చెప్పేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరి చేతుల్లోనూ ఏ పనీ లేకుండా పక్కపక్కన ఉన్నది ఆ గంటసేపే. వానలు మొదలయ్యాక ఒక పొద్దున తూము దాకా పరుగు పందెం పెట్టాడు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని వందనే ముందు తూము అంటింది. వెనకాల రొప్పుతూ వచ్చి, తూము మీద చతికిలబడి, సుధీర్ బాబు కడుపు పట్టుకొని నవ్వాడు. ఆ పొట్ట కదలడం చూసి ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక రూతమ్మ, "ఏంది, పొద్దున్నే ఇద్దరికీ అంత సంబడం?" అని అడిగితే ఇద్దరికీ సిగ్గేసింది.

బెల్టుకు కొత్త బెజ్జాలు పడ్డాయి. రెండోసారి నరసరావుపేట వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. షుగరు గీత దిగింది. ఇట్లాగే వచ్చే వేసవి దాకా నడిస్తే మందులు రాయాల్సిన పనే ఉండకపోవచ్చు అంది. బస్సులో తిరిగొస్తూ వందన కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చింది. బరువు దిగిన ఏడుపు అది.

ఊరు మాత్రం వేరే కాగితం చదువుకుంటూ ఉంది. గౌసియా చెప్పిన పొత్రం కథ ఆ తర్వాతదే. రూతమ్మ కోడలితో పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. కొడుకు పళ్ళెం ముందు కూర్చుని, "మీ నాయనకి నేనెప్పుడూ ఇట్టా కొలిచి పెట్టలేదయ్యా," అని కళ్ళు తుడుచుకునేది. అట్లా కొలవకుండా పెట్టబట్టే కదా అని వందన నోటిదాకా వచ్చిన మాటను మింగేది.

నవంబరులో ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ప్రార్థన మనవులు చదివారు. ఎవరికి జ్వరం, ఎవరికి కోర్టు, ఎవరి బిడ్డకు ఉద్యోగం. చివర్లో సంఘ పెద్ద యల్లమంద లేచి గొంతు సవరించుకున్నాడు. తాడు జట్టుకు నాయకుడు కూడా ఆయనే.

"మన సుధీర్ బాబు ఏదో చెప్పుకోలేని నలతతో దినదినమూ చిక్కిపోతున్నాడు. ప్రభువా, ఈ బిడ్డ పోగొట్టుకున్న కండను తిరిగి దయచెయ్యి తండ్రీ."

చర్చి మొత్తం ఆమెన్ అంది. మొగవాళ్ళ వైపు చాప మీద సుధీర్ బాబు తల ఎత్తలేదు. ఆడవాళ్ళ వైపు వందనకు చుట్టూ ఉన్న చూపులన్నీ వీపుకు గుచ్చుకున్నాయి. పక్కనే రూతమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

ఆ మధ్యాహ్నమే జట్టంతా కాటా దగ్గర పోగయ్యారు. ఏటా అదొక తంతు. పోటీకి ముందు ఎనిమిది మందీ ఇనుప పలక మీద ఒకేసారి నిలబడి తూగుతారు. మిర్చి పండించే ఊరు కాబట్టి మనుషులనూ క్వింటాళ్ళలోనే చెప్పుకుంటారు. అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన వందన గది పక్కన నీడలో ఆగింది.

అందరూ ఎక్కాక ప్రవీణ్ పలక మీద నుంచే కిటికీలోకి చెయ్యి పెట్టి మీట నొక్కాడు. చీటీ చదివిన యల్లమంద మొహం మాడిపోయింది. పోయినేడాదికీ ఇప్పటికీ పావు క్వింటా దాకా తేడా.

"ఇంత బరువు ఎవడు తిన్నాడ్రా?"

"ఎవడూ తినకే కదా మామా తగ్గింది," అన్నాడు ప్రవీణ్.

అందరూ నవ్వారు. యల్లమంద నవ్వలేదు. సుధీర్ బాబు భుజం మీద చెయ్యేశాడు.

"ఒరేయ్, బొల్లాపల్లి వాళ్ళు ఈసారి కొత్త గుంజని తెచ్చారంట. ఎవడో రైసుమిల్లోడంట, దున్నపోతులా ఉన్నాడంట. నువ్వేమో ఇట్టా పీలగా అయితివి. నెల రోజులు ఆ నడక మానుకోరా. పండగయ్యాక నీ ఇష్టం, కాలువ కట్ట మీద కాపురమే పెట్టుకో."

"డాక్టరమ్మ మానొద్దంది బాబాయ్," అన్నాడు సుధీర్ బాబు. గొంతులో గట్టిదనం లేదు.

"డాక్టరమ్మ తాడు పట్టుకుంటదా?"

వందన నీడలోంచి ముందుకొచ్చింది. "మామా, ఈయన నాయన ఎట్టా పోయాడో నీకు తెలవదా? నువ్వే కదా గట్టు మీంచి ఎత్తుకొచ్చింది."

"తెలుసమ్మాయ్. వాడు బాధపడి పోలేదు. కడుపునిండా తిని, మహరాజులా పోయాడు." యల్లమంద గొంతు మెత్తగానే ఉంది. "నీ మంచికే చెబుతన్నా. నీ గురించి ఆడోళ్ళు ఏమనుకుంటన్నారో నీ చెవిన పళ్ళేదా? మొగుడు నాలుగు కేజీలు పెరిగితే నీ పేరే నిలబడతది."

అప్పుడు సుధీర్ బాబు ఒక్క మాటన్నా ఆమె వైపు అంటాడని చూసింది. ఆయన పలక మీద నిలబడి చీటీ చదువుకుంటున్నాడు. తను తగ్గిన బరువంతా జట్టు నుంచి దొంగిలించినట్టుగా ఉంది ఆ మొహం.

మర్నాడు తెల్లవారుజామున వందన లేపింది.

"లెయ్యవయ్యా, టైమైంది."

"ఈ నెల్లాళ్ళూ ఒదిలెయ్యవే," అన్నాడు ముసుగులోంచి.

"ఇంకో నెలకి షుగరు ఆగుద్దా?"

ఆయన గోడ వైపు తిరిగాడు. తర్వాత ముసుగు తీసి పైకప్పు చూస్తూ చెప్పాడు. "ఏమే, ఏడాదంతా నన్ను పేరుతో పిలిచేవాడు లేడు తెలుసా? చీటీ, చీటీ అంటారు. ఆ ఒక్కరోజే నన్ను చూసేదానికి జనం వస్తారు. అది కూడా తీసేస్తావా?"

వందన చెప్పులేసుకొని ఒక్కతే కట్ట మీదికి వెళ్ళింది. తూము దాకా పోయి తిరిగొచ్చింది. తర్వాత రెండు మూడు రోజులు వెళ్ళి, ఒంటరి ఆడదానికి కట్ట మీదేం పని అన్న మాట కూడా కుళాయి దగ్గర పుట్టకముందే మానేసింది.

జట్టు వాళ్ళు వంతులేసుకున్నారు. ఒకరోజు యల్లమంద ఇంటి నుంచి నాటుకోడి పులుసు, ఒకరోజు ప్రవీణ్ తెచ్చిన బిర్యానీ పొట్లాలు, ఒకరోజు నెయ్యి కారే గారెలు. ఎవరి వంట వద్దన్నా వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. వందన చేసిన పుల్కాలు డబ్బాలో ఎండిపోయి కోళ్ళకు పోయాయి. సుధీర్ బాబుకు బుగ్గలు తిరిగొచ్చాయి. బెల్టు పాత బెజ్జానికి వచ్చింది. రూతమ్మ మళ్ళీ దిష్టికి ప్రార్థన మొదలుపెట్టింది. దేవుడు ప్రార్థన విన్నాడని చర్చిలో కృతజ్ఞత చెప్పారు.

కుళాయి దగ్గర వందనకు బిందె పెట్టుకునే చోటు తిరిగి దొరికింది. "ఇప్పుడు మనిషిలా ఉన్నాడమ్మా మీ ఆయన," అంది యల్లమంద భార్య. ఆ మాటకు లోపల ఒక ముడి వదులైనట్టు అనిపించింది వందనకు. అనిపించినందుకు దారి పొడుగునా తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పోటీకి ముందురోజు జట్టుకంతా బగారా అన్నం, మాంసం కూర వండింది ఆమే. వడ్డించిందీ ఆమే. సుధీర్ బాబు మూడోసారి పళ్ళెం చాపితే, అందరూ చూస్తుండగా లేదనలేక పెట్టింది.

పోటీ బొల్లాపల్లి చర్చి వెనక జరిగింది. ఎర్ర గరప నేల, అంతా సన్న కంకర. కొత్త ప్రహరీకి తెచ్చిన నాపరాళ్ళు ఒక పక్క పేర్చి ఉన్నాయి. వాటి పెచ్చులు నేలంతా చెదిరి ఉన్నాయి. సుధీర్ బాబు చెప్పులు విప్పి, తాడు నడుముకు చుట్టుకొని, మడమలతో రెండు గుంటలు చేసుకున్నాడు. అవతల రైసుమిల్లు మనిషి చెప్పినంతా ఉన్నాడు.

ఈల వేశారు. తాడు కర్రలా బిగుసుకుంది. మొదట్లో కారంపూడి వాళ్ళు ఒక్కో అడుగూ ముందుకు జారారు. ముందున్న ప్రవీణ్ మోకాళ్ళ మీద పడి లేచాడు. సుధీర్ బాబు వెనక్కి వాలి, ఆకాశం చూస్తూ, రాయిలా నిలబడ్డాడు. మెడ నరాలు తేలాయి. మొహం ముదురు ఎరుపుకు తిరిగింది. వందన నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ప్రభువా ప్రభువా అంటూ ఉంది. చుట్టూ జనం "గుంజ, గుంజ" అని లయగా చప్పట్లు కొడుతున్నారు. ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు, ఆమె కూడా కొడుతూ ఉంది. అవతలివాళ్ళలో ఒకడి కాలు జారింది. అంతే, వరసంతా గరప మీద బోర్లా పడింది.

జట్టువాళ్ళు ఆయన్ని భుజాల మీదికి ఎత్తబోయి ఎత్తలేక కింద పడి, ఒకరి మీద ఒకరు దొర్లి నవ్వుకున్నారు. పొట్టేలును ఆయన చేతికిచ్చి ఫోటోలు తీసుకున్నారు. వెనక్కొచ్చేటప్పుడు ఆటో అడుగున రక్తం మరకలు చూసి వందన కాలు పైకెత్తమంది. మడమ కింద రాతి పెచ్చు లోతుగా కోసింది.

"గీసుకుందిలే," అన్నాడు. "పసుపెయ్యి. పొట్టేలు యాడ కట్టేశారు?"

పసుపుతో తగ్గలేదు. పండగ మాంసాలు తిన్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. కొత్త సంవత్సరం ఆరాధన నాటికి కాలు బూటు తొడిగినంత లావు వాచింది. జ్వరం వచ్చింది. నరసరావుపేట ఆస్పత్రిలో చేర్పిస్తే, మడమ దగ్గర కుళ్ళిన కండ తీసేశారు. షుగరు గీత దాటడమే కాదు, ఎక్కడికో పోయింది. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకొని చూస్తూ ఉండిపోయింది.

"మళ్ళీ నడక మొదలుపెట్టిస్తానమ్మా," అంది వందన. "ఇంటికి పోగానే మొదలుపెట్టిస్తా."

"ఇప్పుడు నడకా?" డాక్టరమ్మ తలెత్తింది. "ఆ కాలు నేల మీద ఆనితే మోకాలి కిందికి తీసేయాల్సి వస్తుంది. పుండు మానేదాకా మంచం దిగడానికి లేదు. ఎన్నాళ్ళకు మానుతుందో చెప్పలేను."

ఇంటికి తెచ్చారు. కాటా యజమాని కొన్నాళ్ళు చూసి వేరే మనిషిని పెట్టుకున్నాడు. వసారాలో మంచం వేశారు. పొద్దున ఇన్సులిన్ సూది, రాత్రి సూది, మధ్యలో కట్టు మార్చడం. సుధీర్ బాబు పడుకొని ఫోనులో పోటీ వీడియో చూసుకునేవాడు. ఒళ్ళు ఇంకా పెరిగింది. పక్కకు తిప్పాలంటే అత్తాకోడళ్ళు ఇద్దరూ పట్టాల్సి వచ్చేది. రూతమ్మ ఇప్పుడు పళ్ళెం ముందు కూర్చోవడం మానేసింది. వంటింట్లో ఒక మూల నోరు కదలని ప్రార్థన చేసుకుంటూ ఉండేది. వందన బడికి పోయేముందు గుమ్మంలో నిలబడి కాలువ కట్ట వైపు ఒకసారి చూసేది. ఆ వేళకు బర్రెలు కట్ట ఎక్కుతూ ఉండేవి.

మార్చిలో ఒక సాయంత్రం జట్టంతా కలిసి వచ్చారు. యల్లమంద బత్తాయిలు తెచ్చాడు. ప్రవీణ్ మిఠాయి డబ్బా తెచ్చి, వందన మొహం చూసి గోడ పక్కన పెట్టాడు. ఎవరి కుర్చీలు వాళ్ళు లాక్కుని మంచం చుట్టూ కూర్చున్నారు. గౌసియా కూడా ప్రహరీ అవతలికి వచ్చి నిలబడింది.

"ఎట్టా ఉందిరా?" అన్నాడు యల్లమంద.

"మానతంది బాబాయ్," అన్నాడు సుధీర్ బాబు.

మానడం లేదు. ఆ పొద్దున కట్టు విప్పినప్పుడు వాసన ఇల్లంతా కొట్టింది. వందన టీ గ్లాసులు అందించింది.

యల్లమంద కాసేపు ఎండల గురించి, మిర్చి ధర గురించి మాట్లాడాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఈస్టర్ తర్వాత గురజాలలో పెద్ద పోటీలు పెడతన్నారంట. నది అవతల ఒడ్డు నుంచి కూడా జట్లు వస్తన్నయ్యంట. మన పేరు అడిగి మరీ రాసుకున్నారు. అందరూ ఒకటే మాట, గుంజ వస్తన్నాడా అని."

"కాలు చూశావా మామా?" అంది వందన.

"కాలుతో పనేముందమ్మాయ్? నేను అంతా ఆలోచించా. ఒక గుంట తవ్వి, దాంట్లో వీణ్ణి కూర్చోబెడతాం. కాలు మెత్త మీద పెట్టుకుంటాడు. తాడు నడుముకు చుట్టుకొని ఊరికే కూర్చుంటే చాలు. మాకు కావాల్సింది బరువే కదా. అది దేవుడి దయవల్ల బాగానే ఉంది."

"ఆటోలో పరుపేసి తీసుకెళ్తాం వదినా," అన్నాడు ప్రవీణ్. "చెమట కూడా పట్టనియ్యం."

వందన మొగుడి వైపు చూసింది. ఇన్ని రోజులుగా గోడకు తిరిగి ఉన్న ఆ మొహంలోకి వెలుగొచ్చింది. మోచేతుల మీద కాస్త పైకి లేచాడు.

"ఏ తారీకు బాబాయ్?" అన్నాడు.

వంటింట్లోంచి రూతమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తారీకు ఇంకా తేల్చలేదురా. నువ్వు ధైర్యంగా ఉండు, మంచిగా తిను." యల్లమంద లేచి నిలబడి, మంచం కోడు మీద చెయ్యేసి వందన వైపు తిరిగాడు. "నువ్వేం దిగులు పెట్టుకోమాకమ్మాయ్. మేం ఏడుగురం లేమా? ఏ వేళప్పుడు కబురు పెట్టినా వచ్చి వాలతాం."

వందన ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ చెప్పింది.

"ఏడుగురూ రండి మామా, ఒక్కరు కూడా తగ్గమాకండి. ఈయన పెట్టె మోసేదానికి నలుగురు చాలరు."